గురువారం, ఎనిమిదింటికి

ముందు చావు కబుర్లు చదువుతాను,
తర్వాత పడవల వేళలు,
ఆ తర్వాత ఎవరి ఎద్దు ఎవరి ఆలుగడ్డల చేలో పడిందో.
పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస.

చిలోయె దీవిలో మా స్టేషనంటే
చేపల గిడ్డంగి మీద ఒక్క గది,
కోడిగుడ్ల అట్టలు అంటించిన గోడలు,
మూల కట్టెల పొయ్యి,
మైకు ముందు నేను, ఎర్మెలిందా.

ఈ గురువారం
పట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు.
కోటు ఇంకా ఆరలేదు.
సుస్థిరత అన్నాడు. మూడుసార్లు అన్నాడు.
ఆ మాట పొయ్యి దాకా వెళ్లి
కాసేపు చలి కాచుకుని
ఎవరి చేతికీ అందకుండా తిరిగొచ్చింది.

ఫోను మోగింది. ఎదువీనా ముసలమ్మ.
"నాయనా, ఏడాదిలో పది నెలలు మా నెత్తిన వానే.
బట్టలు ఆరవు. ఎముకలు ఆరవు.
జనవరి వచ్చేసరికి
బావి అడుగున నా బకెట్టు ఖంగుమంటుంది.
వానలో పుట్టినదాన్ని,
నీళ్ల లారీ కోసం బిందె పట్టుకుని నిలబడుతున్నాను.
మీ పుస్తకాల్లో దీనికేం పేరుంది?"

పేరు చెప్పలేదతను, నాచు సంగతి చెప్పాడు.
చిత్తడి నేలల్లో పరుపులా పరుచుకున్న నాచు
శీతాకాలమంతా వానని తాగి కూర్చుంటుందట,
వేసవిలో బొట్టు బొట్టుగా బావులకి వదులుతుందట.
ఇప్పుడు దాన్ని పీకి, ఎండబెట్టి, బస్తాలకెత్తి
ఓడలెక్కిస్తున్నారు,
ఎక్కడో ఎవరింట్లోనో పూలకుండీ అడుగున పరచడానికి.
"పాపం, పీకేవాళ్లకి తెలియదు" అన్నాడు.

రెండో లైను వెలిగింది.
"తెలుసు."
పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు.
ఆ దగ్గు మాత్రం
ఆదివారాలు చర్చిలో నా వెనక బెంచీది.

"చేపల కంపెనీ మూసేశాక
తొమ్మిది నెలలు చేతులు ఊరికే ఉన్నాయి సార్.
బల్ల మీద పెట్టుకుని చూసుకునేవాణ్ణి వాటిని,
ఎవరివో అన్నట్టు.
నాచు పీకాను.
మా అమ్మాయికి కళ్లద్దాలొచ్చాయి.
ఎదువీనా అత్త బావి
నేను పీకిన నేలకి దిగువనే ఉంది.
అదీ తెలుసు."

రేడియోలో మూడు సెకన్లు మాట ఆగితే
ఊరంతా పెట్టె మీద చరుస్తుంది.
నేను పదకొండు లెక్కపెట్టాను.
ఒనోఫ్రె కుర్రాడు పాట మీద చెయ్యి వేశాడు,
వద్దని తల ఊపాను.
పొయ్యిలో కట్టె చిటపటమన్న చప్పుడు
దీవులన్నిటికీ వెళ్లింది.

"ఒరేయ్," అంది ముసలమ్మ, లైను పెట్టేయలేదన్నమాట,
"పిల్లకి ఇప్పుడు బోర్డు కనబడుతోందా?"
"కనబడుతోంది అత్తా."
"ఆదివారం వచ్చి బావి పూడిక తియ్యి.
కూలి ఇవ్వను. తిండి పెడతాను."

మా దగ్గర చేబదులంటే డబ్బు కాదు, చేతులు.
అవతలివాడు ఊఁ అన్నాడో, దగ్గాడో.

ఇంజనీరు నోటు పుస్తకం తెరిచి
ఏమీ రాయకుండా మూశాడు.
"పూడిక తీస్తే నాచు తిరిగి రాదండీ" అన్నాడు మెల్లగా,
మైకు ఆపేశాక, నాతో మాత్రమే.
రాదని నాకూ తెలుసు.
అతనికి టీ పోశాను.

తర్వాత మామూలు కబుర్లు:
రెమోల్కోయ్ వాళ్లకి, కుట్టుమిషను బాగైంది, పడవకి ఇచ్చాం.
బడి టీచరమ్మకి, గాలి ఎక్కువ, రేపు రావద్దు.
రాత్రికి వాన. రోజూ చదివే మాటే,
ఇవాళ మాత్రం ఆ రెండు మాటల తర్వాత
ఎందుకో గుక్క తిప్పుకున్నాను.

చివర్న ముసలమ్మ చెప్పి రాయించింది:
నలభై బారల తాడు ఎవరి దగ్గరుంటే వాళ్లు
ఆదివారం పొద్దున్నే తీసుకురావాలి.
ఎందుకో చెప్పవద్దంది. చెప్పలేదు.

నిచ్చెన ఉన్నవాళ్లు కూడా, అని
నేనే కలిపాను.