చీపురు కింద ఇనుము

డాక్టరు రెండు నెలలు బడి వద్దన్నాడు.
ఛాతీలో ఈల ఊదుతుంటే
మూడంతస్తుల మెట్లు ఏం ఎక్కుతాడు వాడు.
తెలుగు నేను చెబుతాను, ఎక్కాలు వాళ్ళ నాన్న.
సైన్సు దగ్గరే
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పదో తరగతి సైన్సులో నాకు ముప్పై ఆరు.
పాసుకు పైన ఒకటి.
ఆ ఒక్క మార్కు ఎందుకిచ్చారో ఇప్పటికీ తెలీదు.

తను పోర్టులో రాత్రి డ్యూటీకి పోయాక
జెరోమ్ నిద్రపోయాక
దుప్పటి కింద ఫోను వెలిగించి వెతుకుతాను,
పరీక్ష ముందు రాత్రి పిల్లలా.
"ఇంట్లో పిల్లలకి సైన్సు" అని కొడితే
ముందు సబ్బు ప్రకటన, తర్వాత రాశిఫలాలు,
ఆ తర్వాత తెల్లకోటు కుర్రాడొకడు
గబగబా ఇంగ్లీషులో ఏదో పోస్తాడు, ఏదో పొంగుతుంది.
ఆపి, వెనక్కి లాగి, మళ్ళీ ఆపి
పాల లెక్క పుస్తకంలో రాసుకుంటాను:
వంటసోడా. నిమ్మఉప్పు. బెలూన్లు.
కిట్టు, పదకొండు వందల తొంభై తొమ్మిది.
ఆఖరిది కొట్టేశాను.

ఒకావిడ దొరికింది. కరీంనగర్ యాస.
మొహం చూపించదు, చేతులే,
గాజుల మీద పిండి, వెనకాల కుక్కరు కూత.
గ్లాసులో నీళ్ళు నింపి, అట్టముక్క మూసి, బోర్లించి
"ఆగింది సూడుండ్రి" అంటది.
అర్ధరాత్రి మా వంటింట్లోనూ ఆగింది.
రెండోసారి ఆగలేదు.
బియ్యం డబ్బా తుడుస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నిన్న అయస్కాంతం.
"ఇనుప రజను షాపులో కొనండి" అన్నారెవరో.
జ్ఞానాపురంలో ఏ షాపు?
పాత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం మాత్రం తీశాను.
గుండుసూదులు అంటుకున్నాయి, తలపిన్ను అంటుకుంది,
బీరువా తాళంచెవి అంటుకోలేదు.
ఇత్తడిదని తేలింది, పెళ్ళయిన పదేళ్ళకి.

అప్పుడు వాడు, ఇంకో చేతిలో ఇన్‌హేలరు,
కిటికీ గట్టు చూపించాడు.
"ఇదేటమ్మా?"

పొద్దున్నే ఊడ్చాను. మధ్యాహ్నానికి మళ్ళీ నలుపు.
కాపురానికొచ్చిన నాటి నుంచీ ఊడుస్తూనే ఉన్నాను,
ఆరేసిన చొక్కాల మీద, అన్నం మూత మీద,
మేరీమాత భుజాల మీద.
పోర్టు దుమ్ము అంటాం,
వానొచ్చింది అన్నట్టు.

అయస్కాంతానికి పాలకవరు తొడిగాడు
(ఆ కిటుకు కరీంనగరావిడదే)
దుమ్ము మీద పెట్టాడు.
లేచింది.
గొంగళిపురుగు వీపులా
ముళ్ళు ముళ్ళుగా లేచి నిలబడింది.
కొంత లేవలేదు.
"లేచింది ఇనుమైతే, లేవనిదేటి?"
వెతికి చెబుతానన్నాను.

కాసేపాగి అయస్కాంతం ఛాతీకి ఆనించుకున్నాడు.
చొక్కా మీద అటూ ఇటూ జరిపి చూశాడు.
ఏమీ లాగలేదని చిన్నబుచ్చుకున్నాడు.
నేను గిన్నెలు తోమాలని లేచాను.
గిన్నెలు అప్పటికే తోమి ఉన్నాయి.

ఇవాళ తెల్లారి డ్యూటీ దిగి తనొస్తే
వాడు అయస్కాంతంతో ఎదురెళ్ళాడు.
కాలరు మడతలో, జేబు అంచున, బెల్టు కింద.
వాళ్ళ నాన్న చేతులు చాచి
టైలరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.
"లేవనిది ఏటి నాన్నా?"
"బొగ్గురా."
రాత్రంతా నేను ఫోనులో వెతికింది
ఒక్క మాటలో.
"నీకెలా తెలుసు?"
"నోట్లో పడితే తెలుస్తాది" అని
మొహం కడుక్కోవడానికి పోయాడు.

గట్టు మీద తెల్లకాగితం అంటించాం, కొబ్బరినూనె రాసి.
మూలన తారీఖు వాడే వేశాడు, తొమ్మిది తిరగేసి.
రోజుకొకటి తీసి పాల లెక్క పక్కన అతికిస్తాడట,
ఏ రోజు ఎంత నలుపో చూస్తాడట.

నూనె ఎక్కువైంది.
రేపు తగ్గించాలి.