మూడు కాళ్ళ బల్ల

మార్స్‌డెన్‌లో వాన కురవదు, వేలాడుతుంది.
నెలలో మొదటి మంగళవారం
చాపెల్ వెనక గదిలో
మేం పదకొండు మందిమి, ఒక్క హీటరు,
స్టిక్కర్ల కింద అసలు రంగు మరిచిపోయిన లాప్‌టాప్‌లు.
బల్లకి మూడు కాళ్ళే సరిగ్గా నేలకానతాయి.
నాలుగోదాని కింద మడిచి తోసింది
ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్ తాలూకు అట్టపెట్టె.
అది క్లిఫర్డ్ హేగ్ జోకు.
ఆయనకున్నది ఆ ఒక్కటే.

క్లిఫర్డ్ బస్సు నడిపి రిటైరయ్యాడు,
అరవై రెండో ఏట కోడ్ నేర్చాడు.
లేటుగా దీక్ష పుచ్చుకున్నవాళ్ళకి
మెడలో మాల బరువెక్కువ.
"లోపలి రాత చూపించని యంత్రం అద్దె ఇల్లమ్మా,
తాళంచెవి ఎప్పుడూ ఇంకొకడి జేబులో" అంటాడు.
అన్నప్పుడల్లా గడ్డం వణుకుతుంది.
నాకు ఒళ్ళు జలదరిస్తుంది, దాచను.
ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి బతికేదాన్ని,
ఎముక చూడనిదే
ఏ ఒంటినీ నమ్మను.

అక్టోబరులో బెరిల్ సైక్స్ వచ్చింది.
ఎనభై ఒక్క ఏళ్ళు. తువ్వాల్లో చుట్టిన లాప్‌టాప్,
సరుకుల ట్రాలీలో ప్రింటరు.
ఫిబ్రవరిలో గింజల పంపకం,
పొట్లాల మీద అంటించే చీటీలు అచ్చుకావాలి. అంతే.
ఇరవై నిమిషాల్లో క్లిఫర్డ్
పాతదంతా తుడిచి కొత్తది ఎక్కించాడు.
ఆవిడ అడిగింది చీటీలు,
ఈయన ఇచ్చింది మోక్షం.

ప్రింటరు పలకలేదు.

"కంపెనీవాళ్ళ డ్రైవరు ఉందిగా, రెండు నిమిషాల పని" అంది గ్వెన్.
"అది మూసిన పెట్టె. నా చేత్తో వెయ్యను."

ఇక చూడాలి.
అడ్డబొట్టు, నిలువుబొట్టు అని
కొట్టుకున్నవాళ్ళ కథలు విని పెరిగాను కదా,
ఇక్కడ నుదుళ్ళు ఖాళీ,
మిగతాదంతా అదే.
ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.
గ్వెన్ పట్టినదానికీ మూడే,
లేని కాలు వేరు.
రాత్రి తొమ్మిదికల్లా ఆరుగురూ ఐదుగురూ అయ్యాం.
ఐదుగురు నది అవతల పబ్బు మేడ మీదికి పోయి
మా సంఘం పేరే పెట్టుకున్నారు,
ముందు "అసలైన" అని తగిలించి.

బెరిల్ టీ ముగించి కప్పు కడిగి బోర్లించింది.
"మరి నా చీటీల సంగతేంటి, లవ్?"

ఈ లోయలోనే ఒకప్పుడు
ఉన్నిబట్ట కత్తిరించే పనివాళ్ళు
తమ కూడు లాక్కున్న యంత్రాల్ని
అర్ధరాత్రి సుత్తెలతో బద్దలు కొట్టారు.
యంత్రాన్నీ, దాన్ని పగలగొట్టిన సుత్తెనూ
ఒకే కమ్మరి కొలిమిలో చేశారంటారు.
క్లిఫర్డ్ ఈ కథ చెబుతూ సుత్తె దగ్గర ఆగిపోతాడు.
నాకు కమ్మరి మీదే ధ్యాస.

నాలుగు నెలలు.
ఆ ప్రింటరుతో ఏ భాషలో మాట్లాడాలో
దాని తీగల్లో పారేదంతా విని విని
పోగు పోగుగా రాసుకున్నాడు.
ఎవరూ డబ్బివ్వలేదు. భార్య మాట్లాడటం మానేసింది.
ఫిబ్రవరిలో ఒక ఆదివారం
బెరిల్ వంటగదిలో కాగితం బయటికొచ్చింది,
మధ్యలో ఆకుపచ్చ గీతతో.

అప్పటికే ఆవిడ
నాలుగు వందల చీటీలు చేత్తో రాసేసింది.
డబ్బాల నిండా పొట్లాలు:
మామగారి బఠాణీ, లిడియా చిక్కుడు,
"పేరు తెలీదు, బాగా కాస్తుంది."
ఎవరైనా తీసుకోవచ్చు, మళ్ళీ విత్తనం కట్టి పంచితే చాలట.
ఆకుపచ్చ గీత కాగితాన్ని
ఫ్రిజ్ తలుపుకి అంటించి
క్లిఫర్డ్ భుజం తట్టింది.
ఆయన కిటికీ వైపు తిరిగి
చాలాసేపు వాన చూశాడు.

మొన్న బ్రెజిల్ నుంచి ఎవరో టీచరు రాసింది.
మూలపడ్డ బడి ప్రింటరు
ఆయన రాసిన డ్రైవరుతో లేచిందట.
ఆ ఉత్తరం నాకు మూడుసార్లు చదివి వినిపించి
ఆ గొంతుతోనే
కొత్తగా వచ్చిన పదిహేనేళ్ళ కుర్రాణ్ణి గదమాయించాడు:
"ఆ ఫోను గుమ్మం బయటే పెట్టి రా."
కుర్రాడు మళ్ళీ రాలేదు.

నా సంచిలో మూగగా అదురుతోంది
నాదీ అలాంటి ఫోనే.
తీయలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.
బల్ల ఒరుగుతుంటే
కాలితో అట్టపెట్టెను
ఇంకాస్త లోపలికి తోశాను.