తే

మలావి సరస్సు ఒడ్డున, ఉసిపా చేపలు ఆరబోసిన తడికెల పక్కన
మూడుకాళ్ల కుర్చీని గోడకి ఆనించి
తమండాని కాగితాలు లెక్కపెడుతోంది.
రెండువందల నలభై ఇళ్లు.
ఇంటికి రెండే ప్రశ్నలు:
రాత్రుళ్లు దోమతెర కింద పడుకుంటున్నారా?
ఈ నెలలో జ్వరం వచ్చిందా?
గాలికి ఎగరకుండా పైన ఒక మామిడిటెంక.

తెర కింద పడుకున్న ఇళ్లు నూట అరవై,
వాటిలో జ్వరం ఇరవై నాలుగు.
తెర లేనివి ఎనభై,
వాటిలో ముప్పై ఆరు.

ఊరిపెద్ద చింతెంగో వంగి చూశాడు.
"జ్వరమొచ్చిన ఇళ్లు మొత్తం అరవై.
అందులో ఇరవై నాలుగు తెర కిందే పడుకున్నాయి కదమ్మా.
నూటికి నలభై! ఏం కాపాడినట్టు నీ తెర?"

ఆయన భాగహారం తప్పు కాదు,
దూరిన గుమ్మం వేరు.
జ్వరం గుమ్మంలోంచి వెళ్లి తెరల్ని లెక్కపెట్టాడు.
తెర గుమ్మంలోంచి వెళ్లి జ్వరాల్ని లెక్కపెట్టి చూడు, పెద్దాయనా:
నూటికి పదిహేను.
తెర లేకపోతే నలభై ఐదు.
అవే ఇరవై నాలుగు ఇళ్లు, అవే ఒణుకులు,
కింద పరిచిన చాప మారిందంతే.

పుస్తకంలో దీనికి రెండు అక్షరాల మధ్య ఒక నిలువు గీత.
పేరు షరతు.
మన నోట్లో అది అంత పొడుగుండదు.
తే.
పడుకుంటే. వస్తే. లేకపోతే.
'తెర ఉంటే' అనగానే
ఎనభై ఇళ్లు పొయ్యిలతో, పిల్లలతో సహా
లోకంలోంచి లేచి బయట నిలబడతాయి.
ఇంత చిన్న అక్షరానికి అంత బలం ఎవరిచ్చారో.

సాయంత్రం నాసిబెకో ఇంటికి వెళ్లింది.
కాగితంలో: తెర, అవును. జ్వరం, అవును.
చాప మీద పిల్లాడు కాలిపోతున్నాడు.
గోడకి మేకు ఉంది. మేకుకి ఏమీ లేదు.
తెర నీళ్లలో ఉంది,
రెండు కర్రల మధ్య, నీలంగా,
గోరంత చేపపిల్లల్ని కూడా వదలకుండా.

"మరి అవునన్నావు?"
"లేదంటే మళ్లీ ఇవ్వరన్నారు."
కాసేపాగి నాసిబెకో అంది:
"దోమ కుట్టేది రాత్రే. ఆకలి పొద్దున్నే లేస్తుంది."

తమండాని ఆ ఇరవై నాలుగు గడపలూ తిరిగింది.
తొమ్మిది మేకులు ఖాళీ.
దీపం కింద కొట్టివేతలు:
ఇరవై నాలుగు పోయి పదిహేను,
నూట అరవై పోయి నూట యాభై ఒకటి.
నూటికి పదికి కాస్త తక్కువ.
ఎంత ముద్దొచ్చే అంకె!
చింతెంగో మొహాన పెట్టొచ్చు రేపు.

రాయబోయి ఆగింది.
వెళ్లింది జ్వరమొచ్చిన ఇళ్లకే కదా.
రాని నూట ముప్పై ఆరు ఇళ్లలో
మేకుల మీద ఏం వేలాడుతోందో ఎవరు చూశారు?
నిజాన్ని జల్లెడ పట్టేటప్పుడు
తనకి నచ్చని వైపే జల్లించింది.
అనుమానం కూడా అన్నం లాంటిదే,
పంక్తిలో అందరికీ వడ్డించాలి.

ముద్దొచ్చే అంకె మీద
మామిడిటెంక పెట్టి పడుకుంది.
తన మేకుకి తెర ఉందో లేదో
ఈ పద్యానికి తెలియదు, ఎవరూ అడగలేదు.

సరస్సు మీద దీపప్పడవలు తిరిగొచ్చే వేళకి
మొదటి గుమ్మం.
"మళ్లీ నువ్వా?"
"మళ్లీ నేనే."

ఈసారి తెర ఉందా అని అడగలేదు.
మేకు ఎక్కడుందని అడిగింది.