మైనస్ నలభై ఐదు

బోరబండ స్టేషన్ వెనక, డాబా మీద,
నీళ్ల ట్యాంకుకి వీపు ఆన్చి
మోడల్ పేపర్లో తొమ్మిదో లెక్క:
నూట ఎనభై కిలోమీటర్లు, ఒక రైలు.
వేగం తొమ్మిది పెరిగితే గంట ముందే చేరుతుందట.

మా లోకల్ ఎప్పుడు ముందు చేరింది గనక!

ఎక్స్‌కి రెండు విలువలొచ్చాయి.
ముప్పై ఆరు. మైనస్ నలభై ఐదు.
"వేగం రుణాత్మకం కాదే పిల్లా, కొట్టెయ్.
కారణం రాయి, అర మార్కు దానికే."
ఫిలోమినా టీచర్ గొంతు చెవిలో.

కొట్టేశాను.

కింద నైట్ డ్యూటీకి నాన్న
స్కూటర్‌ని తంతున్నాడు,
ఆరో తన్నుకి దగ్గింది.
లింగంపల్లి వైపు ఖాళీగా పోతోంది ఆఖరి రైలు,
ఒకే ఒక్కడు కిటికీకి తల వాల్చి,
రైలు పోయే దిక్కుకి వీపు పెట్టి
నిద్రపోతూ.

మళ్లీ చూశాను.
గీత సన్నగానే పడింది,
కింద అంకె కనబడుతూనే ఉంది.