కప్పు అందుకునే తీరు

నేను కంఠతా పట్టిన మొదటి డైలాగు
ఒక చిరునామా.
జాబ్రియా, బ్లాక్ పది, మూడో వీధి, ఇల్లు ఇరవై ఏడు, కువైట్.
చిన్నాయన కవరు మీద రాస్తుంటే
తప్పు పోకుండా నేను బిగ్గరగా అప్పజెప్పేవాణ్ణి.
లోపలి ఉత్తరంలో ఏముందో నాకక్కర్లేదు.

ఇవాళ ఆ వీధిలో టాక్సీ ఆపించాను.
డ్రైవరుది చిట్వేలి పక్క. సినిమాలో చూశాన్సార్ అన్నాడు,
ఏ సినిమానో చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టారట.
ఫోటోలో, మిద్దె పైన, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక గది ఉండేది.
అమ్మ పదకొండేళ్ళు పడుకున్న చోటు
ఇప్పుడు ఆకాశంలో ఎక్కడో ఉంది,
వేలు పెట్టి చూపించలేను.

నటన ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు ఇంటర్వ్యూల్లో.
మా నాయన చెక్కభజన గురువండీ, అంటాను.
అబద్ధం కాదు, ముప్పై ఊళ్ళకు అడుగు నేర్పాడాయన.
మరి అమ్మగారు?
కువైట్‌లో టీచరండీ.
మొదటిసారి నోరు తడబడింది,
రెండోసారికి టేక్ ఓకే.
తర్వాత్తర్వాత ఆమెకు సబ్జెక్టు కూడా ఇచ్చాను: లెక్కలు.

రెండేళ్ళకోసారి వచ్చేది అమ్మ,
పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్, ఎవరికీ సరిపోని చెప్పులు తెచ్చేది.
మూడో రాత్రికి గానీ ఒళ్ళు నొప్పులు తీరేవి కావు.
అప్పుడు వాకిట్లో నల్లదుప్పటి కప్పుకుని
మేడమ్ అయ్యేది.
"వాళ్ళు కాళ్ళతో నడవర్రా, గడ్డంతో నడుస్తారు."
తర్వాత బాబా అయ్యేది.
శనక్కాయల మూట మీద కాలు మీద కాలేసుకుని
టీ తెచ్చిన మనిషి వైపు చూడకుండా
చెయ్యి మాత్రం చాపేది,
కప్పు దానంతటదే వచ్చి వాలుతుందన్నట్టు.
మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.
నాయన ఒక్కడే బీడీ వంకతో బయటికి పోయేవాడు.

హైదరాబాదులో ఏడేళ్ళు ట్రే మోశాను.
పనోడు, డ్రైవరు, పెద్దాయన చెప్పులు అందించేవాడు.
నీది కింద కూర్చునే ముఖమయ్యా, అన్నాడో కో-డైరెక్టరు.
మంచివాడే, రెండుసార్లు భోజనం పెట్టించాడు.
ఓరోజు మిల్లు ఓనరు వేషగాడికి జ్వరం.
కోటు నా భుజాలకు సరిపోయింది, అంతే.
కెమెరా తిరుగుతోంది. చూడకుండా చెయ్యి చాపాను.
సెట్టంతా కిక్కురుమనలేదు.
పుట్టుకతో వచ్చిన దర్పం, అని రాశారు పేపర్లో.
అవును మరి.
పుట్టుకతోనే.

అప్పట్నుంచీ డబ్బున్నవాణ్ణే నేను.
పద్నాలుగు సినిమాల్లో సొంతంగా నీళ్ళు తాగలేదు.

సాయంత్రం సాల్మియాలో సన్మానం.
టికెట్లు మూడు రకాలు, ముందు వరసకు మెత్తటి కుర్చీలు.
తెర వెనక ఎవరో టీ తెచ్చారు.
ఫోను చూసుకుంటూ చెయ్యి చాపాను.
కప్పు రాలేదు.

తలెత్తితే,
యాభై దాటిన మనిషి, కేటరింగ్ వాళ్ళ ఏప్రను, నెరిసిన పాపిట.
"పెంచలక్క కొడుకువి గదూ? ఓబులేసువి?"
పోస్టర్ మీద లేని పేరు.
"శుక్రారం శుక్రారం మాలియా కాడ కూడుకునేటోళ్ళం.
మీ యమ్మ బాబా మాదిరి చేస్తాంటే
కడుపులు పట్టుకోని నవ్వేటోళ్ళం.
ఇట్లే, అచ్చం ఇట్లే సాపేది చెయ్యి."
కప్పు నా అరచేతిలో పెట్టి
కాసేపు నన్ను చూసింది, సంతలో గుడ్డ నాణ్యం చూసినట్టు.
"నువ్వూ బాగనే చేస్తావులే.
మీ యమ్మంత కాదు."

పేరడిగే లోపల ట్రే ఎత్తుకుని వెళ్ళిపోయింది.
యాలకులు ఎక్కువైన టీ.
రెండు చేతులా పట్టుకుని తాగాను, కాలుతున్నా.

స్టేజీ మీద శాలువా కప్పారు.
అమ్మగారి గురించి రెండు మాటలు, అంది యాంకరు.
లెక్కల టీచరు, అందామని నోరు అలవాటుగా తెరుచుకుంది.
హాలు వెనక ఎక్కడో
స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పడుతున్న చప్పుడు.

జాబ్రియా, బ్లాక్ పది, అన్నాను మైకులో.
వీధి నంబరు దగ్గర
ఆగిపోయాను.