కుండ బాగా చేసింది

నర్సాపురంలో రెండో ఆట.
జైలు సినిమా అన్నారు.
ఏడేళ్లు ఊరికే చూసొచ్చినవాడివి,
మళ్లీ డబ్బులిచ్చి చూడ్డమేంటని మా యింటిది నవ్వింది.
తప్పులు పట్టడానికే వెళ్లాను, అబద్ధమెందుకు.

పట్టాను కూడా.
సత్తు పళ్లేలు అంతలా మెరవవు.
ఆ గోడల సున్నం మరీ పెళ్లివారిల్లు.
వార్డరు వచ్చేటప్పుడు బూటు చప్పుడు ముందొస్తుంది,
మనిషి చాలాసేపటికి గానీ రాడు;
వీళ్లు రెండూ ఒకేసారి తెచ్చేశారు.

అప్పుడు పద్నాలుగో గది మూల
ఒక మట్టికుండ.
ముసలి ఖైదీ రాత్రి అడుగంటా తాగేశాడు.
పొద్దున్నకి నీళ్లు అంచుదాకా ఉన్నాయి.
ఎవరూ పోయలేదు,
ఎవరూ ఏమీ అనలేదు.
వయొలిన్లు లేవు, ఉరుము లేదు,
కెమేరా కూడా చూడనట్టే పక్కకి జరిగిపోయింది,
పెళ్లిలో అప్పులవాడు ఎదురైన మనిషిలాగ.

"దెయ్యం ఎప్పుడొస్తదిరా?" వెనక సీటు కుర్రాడు.
వచ్చి వెళ్లింది నాయనా,
నువ్వు ఒళ్లో పడ్డ పాప్‌కార్న్ ఏరుకుంటున్నావు.

ముసలాణ్ని కొట్టిన జైలరు
ఒక రాత్రి ఒక్కడే వచ్చి మూత తీస్తాడు.
చూస్తుండగానే నీళ్లు దిగిపోతాయి, నెమ్మదిగా,
లోపలి గోడకి తడి చార వదిలి.
రేవు మెట్ల మీద ఏరు వదిలే చార.
వేలితో తుడిచి నాలిక్కి రాసుకుంటాడు.
ఆ నటుడి పేరు తెలీదు,
గొంతుక ముడి ఒక్కటే కదిపాడు.
హాలు మొత్తానికి ఉప్పు తగిలింది.

ఇక నేను తప్పులు పట్టలేదు.

రాజమండ్రిలో నా పక్క చాప మల్లాడి పోలేశుది.
అంతర్వేది పల్లిపాలెం మనిషి,
తిథులన్నీ వేలికణుపుల మీదే.
రాత్రి లెక్క అయ్యి, దీపం తగ్గాక
గోడకేసి తిరిగి అనేవాడు: "పోటెక్కుతోందిరా."
ధవళేశ్వరం ఆనకట్ట దాటి పోటు రాదని
చదువుకున్న ఖైదీ ఒకాయన బొమ్మ గీసి మరీ చెప్పాడు.
"దానికి తెలుసా ఆ సంగతి?" అన్నాడు పోలేశు.

ఆషాఢంలో, ఏరు ఎర్రబడ్డ వారం,
జైలు ఆస్పత్రిలో పోయాడు.
ఆ అమావాస్య రాత్రి
ఎవరూ పడుకోని చాప మీంచి అదే గొంతు, అదే మాట.
బ్యారక్కులో ముప్పైమందిమి.
ముప్పైమందిమీ నిద్ర నటించాం.
తెల్లారి నా దుప్పటి అంచు తడిగా ఉంది.
కప్పు కారిందన్నాను, నాకు నేనే.
ఆ రాత్రి వాన లేదు.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.
చెప్తే దెయ్యం కథైపోతుంది,
పోలేశు కాస్తా జుట్టు విరబోసుకుంటాడు.
ఈ తీసినవాడెవరో
చెప్పకుండా చెప్పడం ఎలాగో ఎక్కడ నేర్చాడో గానీ
వాడి చేతులు చల్లగా ఉండాలి.

చివర్న తలుపు తీసుంది,
కుండ బోర్లించి ఉంది.
ముసలాడు విడుదలయ్యాడో, పోయాడో,
వెళ్లిపోయాడో.
కుర్రాడు బండబూతు తిట్టి లేచాడు.
నేను పేర్లన్నీ పడేదాకా కూర్చున్నాను,
ఊడ్చేవాడు కాళ్లెత్తమనేదాకా.

సఖినేటిపల్లికి పంటు మళ్లీ తెల్లారాకే.
రేవులో నూకరత్నం టీకొట్టు ఒక్కటే మేలుకొని ఉంది.
"ఎలాగుందండీ సినిమా?"
"కుండ బాగా చేసింది."
"కుండేటండీ బాబూ!"
అని, అడక్కుండానే పంచదార ఇంకాస్త వేసింది.

గ్లాసు అందుకున్నప్పుడు నాలుగు మెట్లు కనబడేవి.
చల్లారేసరికి మూడు.
ఇక్కడ అది మామూలే, ఇది సముద్రం వచ్చే రేవు,
ఇందులో చెప్పుకోడానికేమీ లేదు.
"పోటెక్కుతోందిరా" అన్నాను,
గోడ లేదు గనక
నీళ్లకేసి.