కట్టుకి రూపాయిన్నర

కడియం కాలవ దిగువన, తాతారావు గారి నర్సరీలో
పచ్చ వలల కింద ముప్పై ఆరుగురు ఆడవాళ్లు.
హైదరాబాదు నుంచి వచ్చిన మేడమ్
క్యారేజీ గిన్నెలో చీటీలు కలిపి
తలా ఒకటి తియ్యమన్నారు.
ఎర్ర దారం వస్తే, కట్టిన ప్రతి అంటుకీ రూపాయిన్నర.
నీలి దారమైతే, నలభయ్యో రోజున
చిగురేసినదానికే డబ్బు, నాలుగు రూపాయలు.
పసుపు దారానిది ఎప్పటి రోజుకూలే.

"లాటరీయా అండీ?" అంది నూకరత్నం.
"కాదమ్మా, ప్రయోగం."
"రెంటికీ చీటీయే కదండీ."

నా పని లెక్కపెట్టడం.
అట్టకి క్లిప్పు, క్లిప్పుకి ఫారాలు.

నూకరత్నానికి ఎర్రది వచ్చింది.
నాటు టెంక మొక్కని ఏటవాలుగా చెక్కి,
బంగినపల్లి పుల్లని ఉలిమొన చేసి,
రెంటినీ ఒద్దిగ్గా అదిమి, రిబ్బను మూడు చుట్లు,
పంటితో తెంపడం.
నేను పెన్ను మూత తీసేలోపు రెండు.
రోజుకి మూడొందల పది, మూడొందల నలభై.
నలభయ్యో రోజున వరసల వెంట నడిచాను:
సగం పుల్లలు అగ్గిపుల్లలు.

"కట్టేటప్పుడు నీకు తెలియలేదా?"
"తెలీకేం. బెరడూ బెరడూ కలవకపోతే
కత్తి దగ్గరే తెలిసిపోద్ది."
"మరి?"
"కట్టుకి రూపాయిన్నర అన్నారు, కట్టేను.
బతికే సంగతి మీరడగలేదు కదండీ."

రెండో విడతలో ఆమెకి నీలి దారం.
పది అంట్లకోసారి కత్తికి సాన.
నీడ జరిగితే బుట్టలూ జరిగేవి.
ఒకనాడు కట్టిన నూట ఇరవైలో
నూట పధ్నాలుగు చిగురేశాయి.
"చూశావా!" అన్నారు మేడమ్,
ఏదో తన చేత్తో కట్టినట్టు.

పసుపు దారం వరహాలమ్మ మాత్రం
ఆ విడతా ఈ విడతా రోజుకి నూట ఎనభయ్యే.
ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.
గ్రాఫులో ఆవిడ ఒక అడ్డగీత.

శ్రావణంలో ఓ మంగళవారం
రాత్రంతా కురిసి, కాలవ పొంగి
షెడ్లలో మోకాలి లోతు నీళ్లు.
ఎవరూ రాలేదు. నేనూ వెళ్లలేదు.
నాకు ఫారానికి పన్నెండు రూపాయలు.
మంచం మీద కూర్చుని
ముప్పై ఆరూ నింపాను.
నిజంలాగా ఉండాలని
ఒకరికి తలనొప్పి రాశాను,
ఒకరికి రిబ్బను అయిపోయిందని.
నూకరత్నం: నూట పద్దెనిమిది.
నలభయ్యో రోజున వాటికి చిగుళ్లూ నేనే వేశాను,
నూట పదకొండు.
తనిఖీకి వచ్చినాయన కూడికలు చూసి
బాగుందని సంతకం పెట్టాడు.

ఆఖరి బట్వాడా రోజు
నూకరత్నం వేలు తేదీల మీంచి మెల్లగా దిగి
ఆ మంగళవారం దగ్గర ఆగింది.
"ఈ నూట పదకొండూ ఎవరు కట్టేరండీ?"

జవాబుంది నా దగ్గర, ఆమె నేర్పినదే:
ఫారాలు నిండాలన్నారు, నింపాను.
గొంతు దాటలేదు.

ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
నాలుగొందల నలభై నాలుగు ఎక్కువ.
బొడ్లో దోపుకుని,
వేలికంటిన సిరా చెంగుకి తుడుచుకుంటూ,
"మీకే దారమిచ్చారండీ? ఎర్రదా?" అంది,
ఏ ఊరమ్మా మీది అని అడిగినట్టు.

బయట లారీకి మొక్కలు ఎత్తుతున్నారు.
ఎత్తడానికి లేనివి ఆ నూట పదకొండే.
హైదరాబాదులో ఏదో కంప్యూటర్లో
నీళ్లక్కర్లేకుండా
పచ్చగా ఉన్నాయవి.